ఐరిష్ వాళ్ళంటే పచ్చ టోపీ, బీరు గ్లాసేనా?

మార్చి 17 దగ్గర పడిందంటే చాలు, మన వాట్సాప్ గ్రూపుల్లో ఒక మెసేజ్ తిరుగుతుంది. ఈసారి మా ఫ్యామిలీ గ్రూపులో దాన్ని పెట్టింది మా పెదనాన్న. అందులో ఉన్నది క్లుప్తంగా ఇదీ: "ఈ రోజు సెయింట్ పాట్రిక్ డే. ఐర్లండ్‌లో పుట్టిన పాట్రిక్ అనే సాధువు దేశంలోని పాములన్నిటినీ సముద్రంలోకి తరిమేశాడు. అందుకని ఐరిష్ వాళ్ళు పచ్చ బట్టలేసుకుని రోజంతా తాగుతారు. వాళ్ళకి సొంత భాష లేదు, ఇంగ్లీషునే ఒక యాసతో మాట్లాడతారు. బ్రిటిష్ వాళ్ళకీ వీళ్ళకీ పెద్ద తేడా లేదు. బంగాళాదుంపలకు తెగులొస్తే కరువొచ్చింది, ఉన్నవాళ్ళు అమెరికా వెళ్ళిపోయారు. తాగుడు, పండగ తప్ప వేరే సంస్కృతి లేని సరదా జనం."

పెదనాన్న మీద నాకు కోపం లేదు. ఎవరో పంపారు, ఆయన ముందుకు పంపారు. కానీ నేను ఎనిమిదేళ్ళుగా ఐర్లండ్‌లో కార్క్ కౌంటీలో ఉంటున్నాను. పెద్దవాళ్ళ కేర్ హోమ్‌లో నర్సుగా చేస్తున్నాను. నా కూతురు ఈ మనుషుల మధ్యే పెరుగుతోంది. చదివి ఊరుకోబుద్ధి కాలేదు. అందుకే ఒక్కో మాటా తీసుకుని జవాబు రాస్తున్నాను.

"ఐర్లండ్‌లో పుట్టిన పాట్రిక్ పాముల్ని తరిమేశాడు"

పాట్రిక్ పుట్టింది ఐర్లండ్‌లో కాదు. 5వ శతాబ్దం మనిషి, అప్పటి రోమన్ బ్రిటన్‌లో పుట్టాడు. దాదాపు పదహారేళ్ళ వయసులో ఐరిష్ దోపిడీ మూకలు అతన్ని ఎత్తుకొచ్చి బానిసగా అమ్మేశాయి. ఆరేళ్ళు పశువులు కాశాడు. తప్పించుకుని ఇంటికి చేరాడు. ఆ తర్వాత తనని బానిసను చేసిన దేశానికే మత ప్రచారకుడిగా తిరిగొచ్చాడు. అతను రాసినవి రెండు మనదాకా మిగిలాయి. వాటిలో ఒకటి, కొత్తగా క్రైస్తవులైన వాళ్ళని చంపి, కొందరిని బానిసలుగా ఎత్తుకుపోయిన సైనికుల మీద రాసిన ఉత్తరం. దాన్నిండా కోపమే. బానిసతనం అనుభవించిన మనిషి బానిసల కోసం రాసిన మాటలవి. పాముల కథ కన్నా ఇది వంద రెట్లు చెప్పుకోదగిన సంగతి.

ఇక పాములు. మంచుయుగం తర్వాత ఐర్లండ్‌లో పాములు ఉన్న ఆధారమే లేదు. తరమడానికి అసలు ఉంటే కదా.

"పచ్చ బట్టలేసుకుని రోజంతా తాగుతారు"

పండగకి ఈ రూపం వచ్చింది ఎక్కువగా అమెరికాలో. న్యూయార్క్‌లో ఊరేగింపు 1762 నాటికే ఉంది. షికాగోలో నదికి పచ్చరంగు కలపడం 1962లో మొదలుపెట్టారు. డబ్లిన్‌లో ప్రభుత్వం తరఫున మొదటి ఊరేగింపు జరిగింది 1931లో. ఇంకో సంగతి చెబితే మా పెదనాన్న నమ్మలేదు. 1920ల నుంచి 1960 ప్రాంతం దాకా, సెయింట్ పాట్రిక్ రోజున ఐర్లండ్‌లో పబ్బులు మూసెయ్యాలని చట్టమే ఉండేది. ఆ రోజు చర్చికి వెళ్ళాలి, ఇంట్లో వాళ్ళతో భోంచెయ్యాలి. మా కేర్ హోమ్‌లో ఉన్న పెద్దవాళ్ళకి ఆ రోజంటే గుర్తొచ్చేది కోటుకి పిన్నుతో గుచ్చుకున్న షామ్‌రాక్ అనే మూడాకుల మొక్క గుత్తి. కొంతమందికి అమెరికాలో ఉన్న అన్నకో చెల్లికో ఆ ఆకుల్ని కవర్లో పెట్టి పోస్టు చేయడం గుర్తుంది.

ఇక్కడ తాగుడు సమస్య లేదని నేను అనను. ఉంది. నర్సుని, దాని ఫలితం కళ్ళారా చూస్తూనే ఉంటాను. కానీ ఆ సమస్యతో ఈ జనం ఎంత పోరాడారో కూడా చెప్పాలి కదా. 1838లో ఇదే కార్క్‌లో ఫాదర్ థియోబాల్డ్ మాథ్యూ మద్యపాన వ్యతిరేక ఉద్యమం మొదలుపెడితే లక్షల మంది తాగబోమని ఒట్టు పెట్టుకున్నారు. ఆయన విగ్రహం సిటీ నడిబొడ్డున నిలబడి ఉంది. 1898లో మొదలైన పయొనీర్ సంఘం సభ్యులు జీవితాంతం చుక్క ముట్టకుండా ఉంటూ, కోటు మీద చిన్న పిన్ను పెట్టుకుంటారు. మా దగ్గరున్న ఒక తాతగారు పడుకునేటప్పుడు ఆ పిన్ను తీసి మంచం పక్క బల్ల మీద పెట్టుకుని, పొద్దున్నే లేవగానే మళ్ళీ పెట్టించుకుంటారు. 2022 జనవరి నుంచి మద్యాన్ని ఇంతకన్నా తక్కువ ధరకి అమ్మకూడదని ప్రభుత్వం రూలు కూడా పెట్టింది.

"తాగుబోతు ఐరిష్" అనే బొమ్మ ఎక్కణ్ణుంచి వచ్చిందో కూడా చూడాలి. 19వ శతాబ్దంలో లండన్ నుంచి వచ్చే పంచ్ లాంటి పత్రికలు ఐరిష్ మనిషిని కోతి ముఖంతో గీసేవి. వీళ్ళకి తమను తాము పాలించుకోవడం చేతకాదని నమ్మించడానికి ఆ బొమ్మలు బాగా పనికొచ్చాయి. మన గురించి కూడా అవే మాటలు అన్నవాళ్ళు గీసిన బొమ్మని మనం ఫార్వర్డ్ చేస్తున్నాం. నాకు ఎక్కువ బాధేసింది అక్కడే.

"వాళ్ళకి సొంత భాష లేదు"

ఉంది. ఆ భాషలో దాని పేరు గేల్‌గె. ఇంగ్లీషుకి అది యాస కాదు, మాండలికం కూడా కాదు. వేరే భాషాశాఖ. 1937 రాజ్యాంగం ఎనిమిదో అధికరణం ప్రకారం దేశపు మొదటి అధికార భాష ఐరిష్, రెండోది ఇంగ్లీషు. 2007 నుంచి అది యూరోపియన్ యూనియన్ అధికార భాషల్లో ఒకటి. ఊళ్ళ పేర్ల బోర్డుల మీద పైన ఐరిష్, కింద ఇంగ్లీషు ఉంటాయి. 1972 నుంచి ఐరిష్ రేడియో, 1996 నుంచి ఐరిష్ టీవీ ఛానెల్ నడుస్తున్నాయి.

మా అమ్మాయికి స్కూల్లో ఐరిష్ ఉంది. ఒకసారి హోంవర్క్‌లో "తా ల్యావర్ అగమ్" అని రాసుకుంటోంది. అర్థం ఏమిటని అడిగితే "ఐ హావ్ ఎ బుక్" అంది. తర్వాత మాటకు మాట విడదీసి చెప్పింది: ఉంది, పుస్తకం, నా దగ్గర. నేను వంట ఆపి వచ్చి కూర్చున్నాను. "నా దగ్గర పుస్తకం ఉంది" అని మనం అనేది అచ్చం అదే! ఇంగ్లీషులో ఉన్న "హావ్" లాంటి క్రియ ఐరిష్‌లో లేదు, తెలుగులోనూ లేదు. అవును, కాదు అనడానికి వాళ్ళకి విడి మాటలు లేవు, అడిగిన క్రియనే తిరిగి చెబుతారు. "తిన్నావా?" అంటే మనం "తిన్నాను" అన్నట్టు. ఈ రెండు భాషలకి చుట్టరికం ఏమీ లేదని నాకు తెలుసు. అయినా ఆ రాత్రి మా వంటింట్లో నాకూ నా కూతురికీ ఆ భాష పరాయిదిలా అనిపించలేదు.

మరి అందరూ ఇంగ్లీషే ఎందుకు మాట్లాడతారు? ఆ భాషని వాళ్ళ నోట్లోంచి లాగేశారు కాబట్టి. 1831లో బ్రిటిష్ పాలనలో మొదలైన నేషనల్ స్కూళ్ళలో చదువంతా ఇంగ్లీషులోనే. పిల్లల మెడలో ఒక కర్రముక్క వేలాడదీసేవాళ్ళు. పిల్లవాడు ఐరిష్‌లో మాట్లాడిన ప్రతిసారీ దాని మీద ఒక గాటు పెట్టేవాళ్ళు. సాయంత్రం గాట్లు లెక్కపెట్టి అన్ని దెబ్బలు కొట్టేవాళ్ళు. చాలాచోట్ల ఇంట్లో అమ్మానాన్నలే గాట్లు పెట్టారు, పిల్లలు బతికి బట్టకట్టాలంటే, పై దేశం వెళ్ళి పని చేసుకోవాలంటే ఇంగ్లీషు రావాలని. తెలుగు మాట్లాడితే ఫైన్ వేసే బడికి ఫీజు కట్టి మరీ పంపిన తల్లిదండ్రులు మనలో ఎంతమంది లేరు? ఆ తర్వాత వచ్చిన కరువు ఐరిష్ ఎక్కువగా మాట్లాడే పడమటి జిల్లాలనే ఎక్కువగా తుడిచిపెట్టింది.

2022 జనాభా లెక్కల్లో దాదాపు 18.7 లక్షల మంది మాకు ఐరిష్ వచ్చు అన్నారు. బడి బయట రోజూ మాట్లాడేవాళ్ళు మాత్రం 72 వేలకు లోపే. ఆ భాష పరిస్థితి బాగుందని నేను చెప్పడం లేదు. మా కేర్ హోమ్‌లో కెర్రీ నుంచి వచ్చిన ఒక పెద్దావిడ ఉండేది. మతిమరుపు ముదిరి ఇంగ్లీషు పూర్తిగా పోయింది. ఏమడిగినా జవాబు లేదు. ఒక రోజు వంటగదిలో పనిచేసే అబ్బాయి ట్రే పట్టుకొచ్చి ఆమెతో ఐరిష్‌లో ఏదో అన్నాడు. ఆమె చటుక్కున తలెత్తింది. తర్వాత పావుగంట ఆగకుండా మాట్లాడింది. ఆ రోజు నుంచి ఆమె చనిపోయేదాకా టీ ఇచ్చేది ఆ అబ్బాయే. సొంత భాష లేని జనం అని రాసినవాళ్ళు ఆ పావుగంట అక్కడ నిలబడి ఉంటే బాగుండేది.

"బ్రిటిష్ వాళ్ళకీ వీళ్ళకీ తేడా లేదు"

ఈ మాట ఐరిష్ మనిషి ముందు అనకండి. బ్రిటిష్ పాలన మీద 1916లో ఈస్టర్ తిరుగుబాటు, ఆ తర్వాత 1919 నుంచి 1921 దాకా స్వాతంత్ర్య యుద్ధం, 1922లో ఫ్రీ స్టేట్ పేరుతో సొంత ప్రభుత్వం, 1949లో పూర్తి రిపబ్లిక్. ఉత్తరాన ఆరు కౌంటీలు ఇప్పటికీ యునైటెడ్ కింగ్‌డమ్‌లోనే ఉన్నాయి. అక్కడి వాళ్ళు తమని ఐరిష్ అనుకోవచ్చు, బ్రిటిష్ అనుకోవచ్చు, రెండూ అనుకోవచ్చు అని 1998 గుడ్ ఫ్రైడే ఒప్పందం రాసిపెట్టింది.

మన వి.వి. గిరి గారు 1913లో లా చదవడానికి వచ్చింది డబ్లిన్‌కే. 1916 తిరుగుబాటు తర్వాత ఆయన్ని దేశం వదిలి వెళ్ళమన్నారు. వెనక్కి వచ్చి కార్మిక నాయకుడయ్యారు, 1969లో రాష్ట్రపతి అయ్యారు. మన రాజ్యాంగంలోని ఆదేశిక సూత్రాలు ఐర్లండ్ నుంచి తీసుకున్నవని గ్రూప్స్ పరీక్షలు రాసే పిల్లలందరికీ నోటికి వచ్చు.

మా పెదనాన్నకి నేను ముఖ్యంగా చెప్పింది మాత్రం మా ఊరి సంగతి. మాది మదనపల్లె. ఆయన చదివింది బి.టి. (బీసెంట్ థియొసాఫికల్) కాలేజీలో. 1919 ఫిబ్రవరిలో రవీంద్రనాథ్ ఠాగూర్ ఆ కాలేజీకి వచ్చి కొన్నాళ్ళు ఉన్నారు. జనగణమనకి ఇంగ్లీషు అనువాదం అక్కడే రాశారు. ఆ పాటకి స్వరాలు రాసిన మార్గరెట్ కజిన్స్ ఐరిష్ మనిషి. రాస్‌కామన్ కౌంటీలోని బాయిల్ అనే చిన్న ఊళ్ళో 1878లో పుట్టింది. ఆమె భర్త జేమ్స్ కజిన్స్ అప్పుడు ఆ కాలేజీ ప్రిన్సిపాల్. ఇండియా రాకముందు ఆడవాళ్ళ ఓటుహక్కు కోసం లండన్‌లోనూ ఐర్లండ్‌లోనూ జైలుకి వెళ్ళింది. మన దేశానికి వచ్చాక 1927లో అఖిల భారత మహిళా సభ పెట్టినవాళ్ళలో ఒకరు. 1932లో మన దేశంలో కూడా జైలుకి వెళ్ళింది. పెదనాన్న ఆ కాలేజీ మెట్లు మూడేళ్ళు ఎక్కి దిగారు.

జలియన్‌వాలా బాగ్ నాటికి పంజాబ్‌ని ఏలుతూ, డయ్యర్‌ని వెనకేసుకొచ్చిన మైఖేల్ ఓ'డ్వయర్ కూడా టిప్పరరీలో పుట్టినవాడే. అది దాచకూడదు. 1920లో జలంధర్, సోలన్‌లలో, తమ దేశంలో బ్రిటిష్ సైన్యం చేస్తున్న అఘాయిత్యాలకి నిరసనగా తుపాకులు కింద పెట్టిన కనాట్ రేంజర్స్ సైనికులూ ఐరిష్ వాళ్ళే. వాళ్ళలో జేమ్స్ డాలీని కాల్చి చంపారు.

"తెగులొచ్చింది, కరువొచ్చింది, అమెరికా వెళ్ళిపోయారు"

నా మట్టుకు నాకు ఈ మెసేజ్‌లో అన్నిటికన్నా తప్పుడు వాక్యం ఇదే.

తెగులు నిజం. 1845లో బంగాళాదుంప పంట కుళ్ళిపోయింది. కానీ ఆ తెగులు యూరప్‌లో చాలా దేశాలకి వచ్చింది. పది లక్షల మంది చచ్చిపోయింది మాత్రం ఐర్లండ్‌లోనే. ఇంకో పది లక్షలకు పైగా ఓడలెక్కారు. ఎందుకంటే పేదవాడికి మిగిలిన తిండి అదొక్కటే. మంచి భూమి, గోధుమ, పశువులు అన్నీ భూస్వాములవి. కరువు నడుస్తుండగానే ధాన్యం, వెన్న, పశువులు ఓడల్లో ఇంగ్లండు వెళ్ళాయి. 1847 ఎండాకాలంలో ప్రభుత్వం గంజి కేంద్రాలు పెట్టి రోజుకి ముప్పై లక్షల మందికి పోసింది. అంటే చెయ్యాలనుకుంటే చెయ్యగలిగింది. కొన్ని నెలలకే వాటిని మూసేసింది. పావు ఎకరం కన్నా ఎక్కువ భూమి చేతిలో ఉంటే సాయం ఇవ్వబోమని చట్టం తెచ్చింది. మన లెక్కలో పాతిక సెంట్లు. అది వదులుకుంటే రేపటికి గతిలేదు, వదులుకోకపోతే ఈ పూటకి తిండిలేదు.

ఈ వ్యవహారమంతా లండన్ ఖజానా నుంచి నడిపిన అధికారి చార్లెస్ ట్రెవెల్యన్. కరువు దేవుడి సంకల్పమన్నట్టు రాశాడు. 1848లో అతనికి సర్ బిరుదు ఇచ్చారు. 1859లో అతన్నే మద్రాసు గవర్నర్‌గా పంపారు, అంటే మా మదనపల్లెకీ, కడపకీ, కర్నూలుకీ కూడా ఏలినవాడయ్యాడు. అతను ఏడాదికే వెళ్ళిపోయాడు గానీ ఆ ఆలోచన మాత్రం ఉండిపోయింది. 1876లో ధాత కరువు వచ్చినప్పుడు రిచర్డ్ టెంపుల్ అనే అధికారి వచ్చి, కరువు పనుల్లో మట్టి మోసే మనిషికి రోజుకి ఒక పౌను ధాన్యం, ఒక అణా చాలన్నాడు. పౌనంటే అరకిలో కూడా కాదు. రాయలసీమలో పుట్టి, ఐరిష్ కరువుని "తెగులు" అని తేల్చేస్తే, మన ముత్తాతల చావుని "వాన పడలేదు" అని తేల్చేసినట్టే.

1841లో ఆ ద్వీపంలో 80 లక్షలకు పైగా జనం ఉండేవాళ్ళు. ఉత్తరం, దక్షిణం కలిపినా ఈనాటికీ అంతమంది లేరు. మా ఊరి చుట్టూ నడకకి వెళితే కప్పు లేని రాతి గోడలు కనిపిస్తాయి. ఎవరి ఇళ్ళో చెప్పేవాళ్ళు లేరు.

ఆ కరువుని ఐరిష్ వాళ్ళు ఎలా గుర్తుపెట్టుకున్నారో కూడా చెప్పాలి. మా ఇంటి నుంచి కారులో ఇరవై నిమిషాల దూరంలో మిడిల్టన్ అనే ఊళ్ళో పార్కులో తొమ్మిది పెద్ద స్టీలు ఈకలు గుండ్రంగా నిలబెట్టి ఉంటాయి. ఒక్కోటి మన డాబా ఇల్లంత ఎత్తు. మధ్యలో నిలబడితే ఖాళీ గిన్నెలో ఉన్నట్టుంటుంది. ఈకల మధ్య గాలి ఈల వేస్తుంది. అమెరికాలో చాక్టా అనే ఆదివాసీ జాతి వాళ్ళని సొంత భూముల నుంచి వెళ్ళగొడితే దారిలో వేలమంది చచ్చిపోయారు. అది జరిగి పట్టుమని ఇరవై ఏళ్ళు కాకముందే, 1847లో ఐర్లండ్ ఆకలి సంగతి విని వాళ్ళు 170 డాలర్లు పోగుచేసి పంపారు. ఆ ఈకలు 2017లో వాళ్ళ కోసం పెట్టినవే. 2020లో కోవిడ్ వచ్చి నవాహో, హోపీ జాతులు అల్లాడిపోతుంటే ఐర్లండ్ నుంచి వేలమంది ఐదో పదో యూరోలు పంపారు. పంపినవాళ్ళు చాలామంది రాసిన కారణం ఒక్కటే, 1847 అప్పు. ఐర్లండ్ కరువుకి కలకత్తా నుంచి కూడా చందాలు వెళ్ళాయి. ఇది మా కేర్ హోమ్‌లో ఒక రిటైర్డ్ టీచరమ్మే నాకు చెప్పింది.

"వేరే సంస్కృతి లేని సరదా జనం"

దీనికి జవాబు చెప్పేముందు ఒక మాట. ఇక్కడ అంతా బాగుందని రాస్తే నేనూ ఫార్వర్డ్ మెసేజ్ రాసినట్టే. పెళ్ళి కాకుండా తల్లులైన అమ్మాయిల్ని మఠాల లాండ్రీల్లో వెట్టిచాకిరీకి పెట్టిన దేశం ఇది. ఆఖరిది 1996లో మూతపడింది. 2013లో ప్రధాని పార్లమెంటులో క్షమాపణ చెప్పారు. 2012లో గాల్వేలో, గర్భస్రావం అవుతున్నా అబార్షన్ చెయ్యక మన బెళగావి అమ్మాయి సవితా హలప్పనవర్ చనిపోయింది. 2018లో, అబార్షన్‌ని అడ్డుకుంటున్న రాజ్యాంగ నిబంధనని 66 శాతం ఓట్లతో తీసేశారు. ఓటింగ్ రోజుల్లో డబ్లిన్‌లో గోడ మీద ఆమె బొమ్మ చుట్టూ జనం చీటీలు రాసి అంటించారు. 2025 ఎండాకాలంలో మన భారతీయుల మీద వరసగా దాడులు జరిగాయి. నన్నూ ఒకడు బస్‌స్టాపులో మీ దేశం పొమ్మన్నాడు. చాలా రోజులు ఒంటరిగా బస్సెక్కాలంటే టెన్షన్‌గా ఉండేది. ఆ ఆగస్టులో అప్పటి అధ్యక్షుడు మైఖేల్ డి. హిగిన్స్ ఆ దాడుల్ని గట్టిగా ఖండిస్తూ ప్రకటన ఇచ్చారు. మా వీధిలో ఒక ముసలాయన మాత్రం ఏ ప్రకటనా ఇవ్వలేదు. రెండు వారాలు నా డ్యూటీ టైముకి కుక్కని తీసుకుని సరిగ్గా బస్‌స్టాపు దాకా వాకింగ్‌కి వచ్చాడు.

ఇక సంస్కృతి. హర్లింగ్ అని ఒక ఆట ఉంది, ఆష్ అనే చెట్టు కర్రతో చేసిన బ్యాటుతో ఆడతారు. దాన్ని నడిపే సంఘం 1884లో పుట్టింది. ఫైనల్ రోజున క్రోక్ పార్క్ స్టేడియంలో 82 వేల మంది కూర్చుంటారు. ఆడేవాళ్ళలో ఒక్కడికీ జీతం లేదు. ఆదివారం కప్పు ఎత్తినవాడు వారం తిరక్కుండా బళ్ళో పిల్లలకి లెక్కలు చెబుతుంటాడు. తన ఊరి తరఫున, తన కౌంటీ తరఫున ఆడతాడు, ఆటగాణ్ణి వేరే ఊరివాళ్ళు డబ్బిచ్చి కొనుక్కునే పద్ధతి లేదు. మెహల్ అని ఇంకో మాట ఉంది. కోతల కాలంలో ఒకరి పొలానికి ఇంకొకరు కూలి లేకుండా వెళ్ళడం. మనవైపు బదులు వెళ్ళడం అంటామే, అదే.

వాళ్ళని అసలు చూడాలంటే మాత్రం చావింట్లో చూడాలి. పెళ్ళికి పిలిస్తే వెళ్ళాలి, చావుకి పిలవకపోయినా వెళ్ళాలి అని మన పెద్దలంటారు. ఇక్కడ అది అక్షరాలా నడుస్తుంది. శవాన్ని ఇంట్లోనే హాల్లో పెడతారు. ఊరంతా వరసలో వచ్చి చేతులు కలిపి "సారీ ఫర్ యువర్ ట్రబుల్" అంటారు. అంతే, అంతకన్నా ఉపన్యాసం ఉండదు. ఆటల క్లబ్బు కుర్రాళ్ళు పచ్చ జాకెట్లేసుకుని రోడ్డు మీద కార్లు పెట్టిస్తుంటారు. వంటింట్లో పక్కింటి ఆడవాళ్ళు శాండ్‌విచ్‌లు కోస్తూ, టీ కప్పులు కడుగుతూ ఉంటారు. ఇంటివాళ్ళని ఆ రెండు రోజులూ పొయ్యి దగ్గరికి రానివ్వరు.

రెండేళ్ళ కిందట మదనపల్లెలో మా నాన్న పోయారు. ఫ్లైటు దొరికి చేరేసరికి అన్నీ అయిపోతాయన్నారు. ఫోన్లోనే చూశాను. ఆ సాయంత్రం తలుపు చప్పుడైంది. మా వీధిలో వాళ్ళు, నాతో పనిచేసేవాళ్ళు, మా అమ్మాయి టీచరు. నాన్నని వాళ్ళెవరూ చూడలేదు. ఆయన పేరు కూడా సరిగ్గా పలకలేరు. ఒక్కొక్కళ్ళే లోపలికి వచ్చి నా చెయ్యి పట్టుకుని ఆ ఒక్క మాటే అన్నారు. ఒకావిడ నాన్న ఫోటో ఎక్కడుందని అడిగి, దాని ముందు కాసేపు నిలబడింది. మేం మాంసం తినమని ఎవరో ముందే చెప్పినట్టున్నారు, వచ్చిన పళ్ళాలన్నిటిలో గుడ్డు, చీజ్ శాండ్‌విచ్‌లే. ఆ రోజు మైలని గుడ్డు కూడా ముట్టమని వాళ్ళకెలా తెలుస్తుంది. చీజ్‌వి ఏరి పిల్లకి పెట్టాను.

పన్నెండో రోజు అయ్యాక రవ్వలడ్డూలు చేశాను. ఖాళీ పళ్ళెం తిరిగివ్వకూడదు కదా. ప్రతి పళ్ళెం అడుగునా చిన్న టేపు ముక్క మీద ఇంటిపేరు రాసి ఉంది. ఆ పేర్లు చూసుకుంటూ, మా అమ్మాయిని వెంటబెట్టుకుని, ఒక్కో ఇంటికీ వెళ్ళి ఇచ్చి వచ్చాను.